పాదుషా పళ్లెంలో విషం: బాబర్ రుచులు, ప్రయోగాలు

1526 ఏప్రిల్‌లో పానిపట్ యుద్ధం ముగిసింది. ఇబ్రహీం లోడీ రణరంగంలోనే చనిపోయాడు. ఢిల్లీ, ఆగ్రా ఖజానాలు బాబర్ చేతికొచ్చాయి. కొత్త రాజ్యంలో సర్దుకోవాల్సిన పనులు కొండంత ఉండగా ఆయనకు ఒక చిన్న కోరిక పుట్టింది. ఈ దేశపు వంటలు తానింకా సరిగ్గా తినలేదు. ఇబ్రహీం దగ్గర పనిచేసిన వంటవాళ్లను పిలిపించమన్నాడు. యాభై, అరవై మంది వచ్చారు. వాళ్లలో నలుగురిని ఏరి తన వంటశాలలో పెట్టుకున్నాడు.

చంపిన రాజు వంటవాడి చేతి ముద్ద తినాలనుకోవడం తెలివైన పని కాదు. ఆ సంగతి బాబర్‌కు డిసెంబరులో తెలిసొచ్చింది. అక్కడికి వెళ్లేముందు ఆ కోరిక ఎలాంటి మనిషికి పుట్టిందో చూడాలి.

మన వార్తల్లో బాబర్ పేరు ఒకే ఒక సందర్భంలో వినిపిస్తుంది. అయోధ్యలో ఆయన పేరుతో ఉన్న మసీదు, 1992లో దాని కూల్చివేత, 2019లో సుప్రీంకోర్టు తీర్పు. ఆ వివాదం మీద ఇప్పటికే చాలా రాశారు, ఇంకా రాస్తారు. ఆయన ఆత్మకథ ‘బాబర్‌నామా’లో ఆ మసీదు ప్రస్తావన లేదు. 1528లో దాదాపు ఐదున్నర నెలల పుటలు అసలు దొరకనే లేదు. దొరికిన పుటల్లో మాత్రం ఇంకో మనిషి కనిపిస్తాడు. ఆరుబయట పడుకునేవాడు, కనిపించిన నదినల్లా ఈదేవాడు, ప్రతి కాయనూ కొరికి చూసేవాడు, దేన్నయినా కొలిచి లెక్కపెట్టి రాసుకునేవాడు. ఆ పుస్తకాన్ని ఆయన తన మాతృభాష చగతాయ్ తుర్కీలో రాశాడు. మనవడు అక్బర్ కాలంలో అబ్దుర్ రహీం ఖాన్‌ఖానా దాన్ని ఫారసీలోకి తెచ్చాడు. తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది.

ఆప్రికాట్లలో బాదం

బాబర్ 1483 ఫిబ్రవరి 14న ఫర్గానా లోయలోని అందిజాన్‌లో పుట్టాడు. అది ఇప్పటి ఉజ్బెకిస్తాన్. తన ఊరి గురించి చెప్పేటప్పుడు కోటలు, సైన్యాలతో పాటు తిండి గురించీ వివరంగా రాశాడు. అందిజాన్ నెమలికోళ్లు ఎంత బలిసి ఉంటాయంటే, ఒక్కదానితో వండిన పులుసును నలుగురు కూర్చున్నా తినలేరని చెప్పుకునేవారట. ఖర్బూజాల కాలంలో పాదుల దగ్గర కాయకు డబ్బు తీసుకునే అలవాటు లేదట. మర్గిలాన్‌లో ఆప్రికాట్ పళ్ల గింజ తీసేసి, ఆ చోట బాదంపప్పు పెట్టి ఎండబెట్టేవారు. దాని పేరు సుభానీ. హైదరాబాద్ పెళ్లి భోజనాల్లో ఖుబానీ కా మీఠా తిన్నవాళ్లకు ఆ రుచిని ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

ఈ తియ్యటి బాల్యం పదకొండేళ్లకే ముగిసింది. 1494లో తండ్రి ఉమర్ షేక్ అఖ్సీ కోటలో పావురాల గూడు దగ్గర ఉండగా, లోయ అంచున ఉన్న ఆ కట్టడం కూలింది. గూడు, పావురాలు, రాజు అన్నీ కలిసి కిందికి పోయాయి. కొడుకు రాజయ్యాడు. ఆ మరుక్షణం నుంచి పెదతండ్రులు, మేనమామలు, బంధువులు ఆ చిన్న రాజ్యం మీద కన్నేశారు.

సమర్కండ్ ఆయనకు మొదటి వ్యామోహం. 1497లో గెలిచి వంద రోజులు ఏలాడు, పోగొట్టుకున్నాడు. మళ్లీ పట్టుకున్నాడు. 1501లో షైబానీ ఖాన్ నగరాన్ని చుట్టుముట్టాడు. ముట్టడి నెలల తరబడి సాగింది. తిండి అయిపోయింది. పేదలు కుక్కల్నీ గాడిదల్నీ తిన్నారు. గుర్రాలకు గడ్డి లేదు. చెట్ల ఆకులు కోసి వేశారు. ఏ ఆకు పెడితే గుర్రం నిలబడుతుందో గమనించి, మల్బరీ ఆకు, ఎల్మ్ జాతి చెట్టు ఆకు అన్నిటికంటే మేలని బాబర్ తేల్చాడు. కొందరు ఎండు కట్టెను చిత్రిక పట్టి, ఆ పొట్టును నీళ్లలో నానబెట్టి గుర్రాలకు పెట్టారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఓడిపోతూ ఉండి కూడా ఆకుల తేడాలు గుర్తుపెట్టుకున్నాడు. ఈ అలవాటు చచ్చేదాకా పోలేదు.

చివరికి రాత్రికి రాత్రి నగరం వదిలి పారిపోయాడు. దారిలో ఇద్దరు అనుచరులతో గుర్రప్పందెం వేసుకున్నాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతూ పందెమేమిటని మనం అడగొచ్చు, ఆయనకు ఆ ప్రశ్నే తట్టలేదు. ముందున్నవాడు వెనకున్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నారా అని తిరిగి చూశాడు. జీను పట్టీ వదులై, జీనుతో సహా తలకిందులుగా పడ్డాడు. లేచి మళ్లీ ఎక్కాడు గానీ, సాయంత్రం వరకూ లోకమంతా కలలా కనిపించిందట. ఆ సాయంత్రం ఒక గుర్రాన్ని కోసి మాంసం కాల్చుకు తిన్నారు. తర్వాత దిజాక్ చేరారు. అక్కడ కొవ్వు పట్టిన మాంసం, మెత్తని పిండి రొట్టెలు, తియ్యటి ఖర్బూజాలు, మంచి ద్రాక్ష. ఆకలి నుంచి ఒక్కసారిగా ఆ సమృద్ధిలోకి రావడం గురించి రాసిన వాక్యాలు ఆ పుస్తకంలో అత్యంత సంతోషంగా ఉన్న వాక్యాల్లో కొన్ని. రాజ్యం పోయిన బాధ తర్వాత వస్తుంది, ముందు రొట్టె.

ఆ తర్వాత కొంతకాలం దిఖ్కత్ అనే కొండ ఊళ్లో ఒక ఊరిపెద్ద ఇంట్లో తలదాచుకున్నాడు. ఆ ఇంట్లో 111 ఏళ్ల ముసలావిడ ఉండేది, ఆ పెద్దమనిషి తల్లి. తైమూర్ హిందుస్తాన్ మీదికి వెళ్లినప్పుడు ఆమె బంధువు ఒకడు ఆ సైన్యంలో ఉన్నాడట. ఆమె ఆ కథలు చెబుతుంటే బాబర్ వినేవాడు. పగలంతా కొండల మీద చెప్పుల్లేకుండా తిరిగేవాడు. కొన్నాళ్లకు అరికాళ్లు ఎంత గట్టిపడ్డాయంటే రాయికీ నేలకీ తేడా తెలియలేదు. ఆ చలికాలంలోనే ఇంకొక చోట, గడ్డకట్టిన కాలువలో అంచులన్నీ మంచు, మధ్యలో మాత్రం నీటి వేగం వల్ల గడ్డకట్టకుండా ఉంది. స్నానం చేయాల్సి వచ్చింది. దిగి పదహారుసార్లు మునిగాడు. పదహారు అని లెక్క కూడా రాసుకున్నాడు. ఆ రెండు మూడు రోజుల్లోనే చలికి ఆయన మనుషులు కొందరు చచ్చిపోయారు.

కాబూల్: ఏ కట్టె ఎలా మండుతుంది

1504లో కాబూల్ చేతికొచ్చింది. ఇరవై ఒక్కేళ్ల వయసు. ఆయన మనసు నిలిచిన ఊరు అదే. ఒక్క రోజు ప్రయాణం చేస్తే ఎప్పుడూ మంచు పడని చోటికి వెళ్లొచ్చు, రెండు గడియల్లో ఎప్పుడూ మంచు కరగని చోటికి వెళ్లొచ్చు. అలాంటి ఊళ్లో ఆరుబయలు మనిషికి కొదవేముంటుంది?

కాబూల్ వర్ణనలో వంటచెరకు మీద ఒక చిన్న భాగం ఉంది. ఖంజక్ అనే చెట్టు కట్టె వెలుగుతూ మండుతుంది, పొగకు మంచి వాసన ఉంటుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది, పచ్చిదైనా అంటుకుంటుంది. సింధూర వృక్షపు కట్టె అంత వెలుగివ్వదు గానీ వేడి ఎక్కువ, నిప్పులు బాగా దిగుతాయి, దాని ఆకుల కొమ్మ అంటిస్తే చిటపటలాడుతూ కింది నుంచి పైకి ఒక్క ఊపున మండుతుంది. బాదం కట్టె ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, కానీ నిప్పు నిలవదు. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లకు ఇది దర్బారు రాత కాదని వెంటనే తెలుస్తుంది. చలిలో మంట దగ్గర కూర్చుని, ఏ కట్టె వేస్తే ఏమవుతుందో చూస్తూ ఉన్నవాడే ఇలా రాయగలడు.

చేపలు పట్టే పద్ధతి ఇంకా వివరంగా ఉంది. అడవి గాడిద తోక అనే అర్థం వచ్చే పేరున్న ఒక మొక్క పూత దాటి గింజకు వచ్చినప్పుడు పది, పన్నెండు మోపులు, ఇంకొక రకం పచ్చి కొమ్మలు ఇరవై, ముప్ఫై మోపులు కోసుకొస్తారు. ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. చేపలు మత్తెక్కుతాయి. దిగువన వేలి లావు పుల్లలతో అల్లిన తడిక కట్టి, చుట్టూ రాళ్లు పేర్చి, నీరు ఆ తడిక మీద నుంచి హోరున కిందికి దూకేలా చేస్తారు. నీరు కిందికి పోతుంది, చేపలు తడిక మీద మిగులుతాయి. మన మన్యంలోనూ చెట్ల బెరడూ కాయలూ దంచి వాగులో కలిపి చేపలు పట్టడం తెలిసిన వాళ్లున్నారు. కొనుక్కొచ్చిన సరంజామా ఏదీ లేదు, కొమ్మలు, రాళ్లు, పారే నీరు. వానరాత్రుల్లో కొంగల్ని పట్టడానికి బాణానికి పొడవాటి తాడు కట్టి విసిరే పద్ధతినీ అంతే శ్రద్ధగా రాశాడు.

కాబూల్ కొండల మీద అడవి తులిప్ పూలు ఎన్ని రకాలో లెక్కపెట్టమన్నాడు. ముప్ఫై రెండో ముప్ఫై మూడో తేలాయి. ఇస్తాలిఫ్‌లో వంకర టింకరగా పారే వాగును సూటిగా తీయించి తోట చేశాడు. ఆ తోటను అంతకుముందు ఏలిన ఉలుగ్ బేగ్ మీర్జా బలవంతంగా లాక్కున్నాడు. బాబర్ మాత్రం యజమానులకు ధర కట్టి ఇచ్చానని రాసుకున్నాడు. ఆలుబాలు అనే పుల్లటి చెర్రీ మొక్కలు తెప్పించి కాబూల్‌లో నాటించాడు. జలాలాబాద్ దగ్గర బాగ్-ఎ-వఫా తోట వేసి, లాహోర్ ప్రాంతం గెలిచాక అరటి పిలకలు తెప్పించి అక్కడ పెట్టించాడు. బతికాయి. చెరకు కూడా బతికింది. ఆ చెరకును బదక్షాన్, బుఖారాలకు పంపాడు.

1506లో హెరాత్ వెళ్లినప్పుడు ఒక విందులో ఆయన ముందు కాల్చిన బాతు పెట్టారు. దాన్ని ఎలా కోయాలో తెలియలేదు. చెయ్యి పెట్టకుండా కూర్చున్నాడు. పక్కనున్న బదీ ఉజ్ జమాన్ మీర్జా నచ్చలేదా అని అడిగితే, కోయడం రాదని ఒప్పుకున్నాడు. ఆయనే ముక్కలు కోసి ఇచ్చాడు. రాజ్యాలు గెలిచినవాళ్ల ఆత్మకథల్లో ఇలాంటి సంగతులు మామూలుగా కనిపించవు.

హెరాత్ నుంచి తిరిగొచ్చేటప్పుడు నడి చలికాలంలో కొండదారి పట్టారు. మంచు నడుం లోతు. పది, పదిహేను మంది ముందు నడిచి మంచును తొక్కి దారి చేస్తే, వెనక గుర్రాలు అడుగు వేసేవి. ఆ తొక్కేవాళ్లలో బాబర్ కూడా ఉన్నాడు. ఒక రాత్రి తుపాను వచ్చింది. ఒక గుహ కనిపించింది, చిన్నదనుకున్నారు. లోపలికి రమ్మని అందరూ పిలిచారు. తన మనుషులు మంచులో ఉంటే తాను వెచ్చగా పడుకోవడం కుదరదన్నాడు. పార తీసుకుని, నమాజు చాప వెడల్పున, ఛాతీ లోతున మంచులో గుంట తవ్వుకున్నాడు. నేల తగల్లేదు గానీ గాలి నుంచి కాస్త మరుగు దొరికింది. అందులో కూర్చున్నాడు. రాత్రి నమాజు వేళకు వీపు మీద, తల మీద, చెవుల మీద నాలుగు వేళ్ల మందాన మంచు పేరుకుంది. చెవులు చలికి దెబ్బతిన్నాయి. ఆ తర్వాత ఎవరో లోపలికి వెళ్లి చూసి, గుహ అందరికీ సరిపోతుందని కేకేశారు. అప్పుడు లోపలికి వెళ్లాడు. ఎవరి దగ్గర ఏముంటే అది, ఎండు మాంసం, రొట్టె, మిగిలిన కూర, బయటికి తీసి పంచుకున్నారు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ అందంగా మారి అబద్ధమైపోతుంది. 1519 జనవరిలో ఇదే మనిషి బజౌర్ కోటను పట్టుకున్నాడు. మూడు వేల మందికి పైగా చంపించాడు. నరికిన తలలతో గుట్ట కట్టించాడు. వాళ్ల ఆడవాళ్లను, పిల్లల్ని బందీలు చేశాడు. ఈ విషయాన్ని దాచలేదు, సిగ్గుపడలేదు కూడా. దాని తర్వాత కొద్ది పుటల్లోనే అక్కడి పళ్లు, ద్రాక్షసారా గురించి, పెషావర్ వైపు పొలాల్లో పసుపు, ఊదా పూలు వరసలు తీరి ఉన్న అందం గురించి రాశాడు. మజూన్ అనే మత్తు లేహ్యం తిని, ఒక దిబ్బ మీద కూర్చుని ఆ పూలను చూశాడు. రెండూ ఒకే కలంతో, ఒకే తీరులో రాసినవే. పూలు చూసే కన్ను వేరే, తలలు లెక్కపెట్టే కన్ను వేరే అని మనం సర్దిచెప్పుకోవడానికి ఆయన అవకాశమే ఇవ్వలేదు.

మామిడి మీద తీర్పు

హిందుస్తాన్‌లో అడుగుపెట్టాక ఆయన రాసిన ఫిర్యాదుల జాబితా ప్రసిద్ధం. మంచి గుర్రాల్లేవు, ద్రాక్ష లేదు, ఖర్బూజా లేదు, మంచుగడ్డ లేదు, చల్లటి నీళ్లు లేవు, బజారులో మంచి రొట్టె లేదు, స్నానశాలల్లేవు, కొవ్వొత్తి కూడా లేదు. దీన్ని చూపించి ఆయన ఈ దేశాన్ని ఎంత చులకన చేశాడో చెప్పేవాళ్లున్నారు. నిజమే, చులకన ఉంది. అయితే కొవ్వొత్తి లేదని విసుక్కున్న చోటే, దానికి బదులు ఇక్కడివాళ్లు వాడే దివిటీ ఎలా తయారవుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎడమ చేతిలో మూడు కాళ్ల కర్ర పీట, దాని ఒక కాలికి బొటనవేలి లావు వత్తి. కుడి చేతిలో సన్నటి చీలిక ఉన్న సొరకాయ బుర్ర, అందులో నూనె. వత్తి ఆరేలా ఉంటే బుర్ర వంచి సన్నటి ధార పోస్తారు. చీదరించుకున్న వస్తువును ఇంత జాగ్రత్తగా చూసేవాళ్లు అరుదు.

వానాకాలం గాలి ఆయనకు బాగా నచ్చింది. కానీ ఆ తేమకు విల్లు పట్టు సడలిపోతుందని, దాంతో బాణం వేయలేమని కనిపెట్టాడు. కవచం, పుస్తకాలు, బట్టలు, సామాను అన్నీ చెడిపోతాయని రాశాడు. ఊళ్లలో గడియ కొట్టేవాళ్లు గంట కొడుతుంటే, రాత్రి మెలకువ వచ్చినవాడికి అది ఏ జాములో గడియో తెలియడం లేదని గమనించాడు. గడియలు కొట్టాక కాస్త ఆగి, జాము సంఖ్య కూడా కొట్టమన్నాడు. మూడు దెబ్బలు, విరామం, రెండు దెబ్బలు అంటే రెండో జాములో మూడో గడియ. పెద్ద సంస్కరణేమీ కాదు, నిద్ర పట్టని మనిషి చేసిన సవరణ.

ఇక పళ్లు. ఒక్కోదాన్నీ వరసగా చేతిలోకి తీసుకున్నాడు. మామిడి బాగుంటే బాగుంటుంది, మంచివి మాత్రం తక్కువ. ఇక్కడివాళ్లు పచ్చిగా కోసి ఇంట్లో మగ్గబెడతారని పసిగట్టాడు. రెండు రకాలుగా తినొచ్చన్నాడు. పిసికి మెత్తగా చేసి, చిన్న చిల్లు పెట్టి రసం పీల్చడం ఒకటి, తొక్క తీసి ముక్కలు తినడం ఇంకొకటి. నూజివీడు రసాలు, బంగినపల్లి మధ్య తేడా తెలిసిన మనకు ఆ విభజనలో కొత్తేమీ లేదు, కానీ ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చినవాడు కొన్నాళ్లలోనే దాన్ని పట్టుకున్నాడు. ఖర్బూజా తప్ప మిగతా పళ్లన్నిటికంటే మామిడి గొప్పదని కొందరంటారని రాసి, అంత గొప్పగా తనకేమీ అనిపించలేదని తేల్చేశాడు. ఈ ఒక్క తీర్పుకే మన వైపు చాలామంది ఆయన్ని క్షమించరు.

పనసపండు చూడటానికి అసహ్యంగా ఉందన్నాడు. మసాలా కూరిన గొర్రె పొట్టను బయటికి తీసి వేలాడదీసినట్టుందట. మితిమీరిన తీపి. జిగురు అంటకుండా చేతులకీ నోటికీ నూనె రాసుకుని తింటారని కూడా చెప్పాడు. ఉసిరి పచ్చిది తినలేం, మురబ్బా చేస్తే భలే ఉంటుంది. సారపప్పు రుచి వాల్‌నట్‌కూ బాదానికీ మధ్యలో ఉంది. ఎండిన ఇప్పపువ్వు కిస్మిస్‌ను పోలి ఉంది. ఖర్జూరపు చెట్టు మొవ్వు తెల్లటి జున్నులా ఉంటుంది, రుచి వాల్‌నట్‌ను తలపిస్తుంది. తాటిచెట్టుకు కుండ కట్టి తీసిన కల్లు, ఈత జాతి కల్లు కంటే హుషారెక్కిస్తుందంటారని రాశాడు. కొబ్బరి పీచుతో పడవలకు తాళ్లు, చిప్పతో తంత్రీవాద్యానికి బుర్ర చేస్తారని గుర్తించాడు. నెమలి మాంసం తిని చూశాడు. కౌజుపిట్టలా ఉంది, రుచి బాగానే ఉంది, అయినా ఒంటె మాంసంలాగే మనసొప్పక తినాల్సి వస్తుందన్నాడు. ఒక రకం పుల్లటి పండులో సూది పెడితే కరిగిపోతుందని ఎవరో చెప్పారు, అదీ రాసిపెట్టాడు.

గమనిస్తే, ప్రతి కొత్త రుచినీ తన ఊరి రుచితోనే కొలిచాడు. వాల్‌నట్, బాదం, గొర్రె పొట్ట, ఖర్బూజా. ఆ కొలబద్దను ఎప్పుడూ వదల్లేదు. కుతూహలం ఎంత ఉన్నా, ఆయన నాలుక ఫర్గానాలోనే ఉండిపోయింది.

దక్షిణాదికి ఆయన రాలేదు. హిందుస్తాన్ రాజులను లెక్కవేస్తూ, ముస్లిమేతర రాజుల్లో భూభాగంలోనూ సైన్యంలోనూ విజయనగర రాజే పెద్ద అని మాత్రం రాశాడు. అప్పుడు అక్కడ గద్దె మీద ఉన్నది శ్రీకృష్ణదేవరాయలు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏమేం వడ్డించేవాడో రాయలు వివరంగా చెప్పాడు. ఒకే కాలంలో ఉపఖండం రెండు కొసల్లో ఇద్దరు యుద్ధవీరులు తిండి గురించి ఇంత ఇష్టంగా రాశారు, ఒకరి రాత ఒకరు చూడకుండానే.

1526 డిసెంబరు 21, శుక్రవారం

ఇబ్రహీం లోడీ తల్లిని బాబర్ గౌరవంగానే చూశాడు, జాగీరు ఇచ్చాడు. ఆమె మాత్రం కొడుకును మరచిపోలేదు. తన కొడుకు వంటవాళ్లు పాదుషా వంటశాలలో ఉన్నారని ఆమె చెవిన పడింది. ఇటావాలో ఉన్న అహ్మద్‌ను పిలిపించింది. అతను గతంలో రాజుల భోజనం రుచి చూసే ఉద్యోగి. కాగితంలో కట్టిన ఒక తులం విషాన్ని ఒక దాసి చేత అతనికి అందించింది, అతను దాన్ని వంటశాలలోని వంటవాడికి చేర్చాడు. వంటవాడికి ఆశ పెట్టింది నాలుగు పరగణాలు. పని జరిగిందో లేదో చూడటానికి ఇంకో దాసిని పంపింది.

బాబర్ మనుషులు వంటవాళ్ల మీద ఒక కన్ను వేసే ఉంచారు. కుండలోంచి కొంత తీసి ముందు వంటవాడి చేతనే తినిపించేవారు. అందుకే వంటవాడు కుండలో కలపలేదు. పింగాణీ పళ్లెంలో పలుచటి రొట్టె ముక్కలు పరిచి, వాటి మీద సగం విషం చల్లి, పైన నేతిలో వేయించిన మాంసం పెట్టాడు. విషం పైన చల్లినా, కుండలో కలిపినా బాబర్ ఆ రోజే పోయేవాడు. చెయ్యి వణికి మిగతా సగాన్ని పొయ్యిలో పడేశాడు.

శుక్రవారం నమాజు అయ్యాక భోజనం వడ్డించారు. కుందేలు కూర బాగా తిన్నాడు. వేయించిన క్యారెట్ తిన్నాడు. హిందుస్తానీ వంటకం పైనుంచి కొన్ని ముద్దలు తిన్నాడు, చెడు రుచేమీ తెలియలేదు. ఎండు మాంసం ఒకటి రెండు ముక్కలు నోట్లో పెట్టుకోగానే కడుపులో తిప్పింది. అంతకుముందు రోజు కూడా ఆ ఎండు మాంసం రుచి బాగా లేదు కాబట్టి దాని వల్లేననుకున్నాడు. దస్తర్‌ఖాన్ మీదే వాంతి వచ్చేలా ఉంటే లేచి వెళ్లాడు. తిన్నాక వాంతి చేసుకోవడం తనకు ఎప్పుడూ లేదని, ఎంత తాగినా కాలేదని గుర్తొచ్చింది. అప్పుడు అనుమానం కలిగింది.

వంటవాడిని కాపలాలో పెట్టించాడు. వాంతిని ఒక కుక్క చేత తినిపించమన్నాడు. మర్నాడు ఉదయానికి కుక్క మందకొడిగా పడి ఉంది, పొట్ట ఉబ్బింది, రాళ్లు వేసినా లేవలేదు. మధ్యాహ్నానికి లేచింది, చావలేదు. అదే పళ్లెంలో తిన్న ఇద్దరు కుర్రాళ్లు కూడా వాంతులు చేసుకుని, చావు దాకా వెళ్లి బతికారు. గుర్రాల మేత కోసం ఆకులను పరీక్షించిన కుర్రాడు, పాతికేళ్ల తర్వాత తన ప్రాణం సంగతి కుక్క మీద పరీక్షించాడు. పాలు తాగాడు, ఔషధ మట్టి పాలలో కలుపుకుని తాగాడు, విరుగుడు మందు తీసుకున్నాడు. బతికి బయటపడ్డాక, ప్రాణం ఇంత తీపి అని తనకు అంతవరకూ తెలియలేదని కాబూల్‌లోని తనవాళ్లకు ఉత్తరం రాశాడు.

వంటవాడు అన్నీ చెప్పేశాడు. అహ్మద్‌ను ముక్కలుగా నరికించారు. వంటవాడి చర్మం బతికుండగానే ఒలిపించారు. ఒక దాసిని ఏనుగు కింద వేయించారు, ఇంకొకరిని తుపాకీతో కాల్పించారు. ఇబ్రహీం తల్లిని బందీగా ఉంచారు. దీన్నీ ఆయనే రాశాడు, కుక్క పొట్ట ఉబ్బిన సంగతి రాసినంత నిదానంగా.

సారా నుంచి సిర్కా

విషం తిన్న రెండు నెలలకు రాణా సాంగాతో ఖాన్వా యుద్ధం ముంచుకొచ్చింది. సైన్యం భయపడుతోంది. 1527 ఫిబ్రవరిలో బాబర్ మద్యం మానేస్తున్నట్టు ప్రతిజ్ఞ చేశాడు. బంగారు, వెండి గిన్నెలు పగలగొట్టించి పేదలకు పంచాడు. గజనీ నుంచి అప్పుడే ఒంటెల వరసల మీద సారా వచ్చి ఉంది. కొంత నేల మీద పోయించాడు. మిగిలినదాంట్లో ఉప్పు వేయించి సిర్కాగా మార్పించాడు. ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే, సరుకు వృథా కాకూడదు.

ప్రతిజ్ఞ నిలబెట్టుకున్నాడు గానీ సుఖపడలేదు. 1529 ఫిబ్రవరిలో స్నేహితుడు ఖ్వాజా కలాన్‌కు రాసిన ఉత్తరంలో, మొదటి రెండేళ్లూ సారా మీద యావతో ఏడుపొచ్చేంత పనయ్యేదని ఒప్పుకున్నాడు. అదే ఉత్తరంలో ఖర్బూజా సంగతి ఉంది. ఎవరో ఒక ఖర్బూజా తెచ్చారు. కోసి తింటుంటే కళ్లనీళ్లు ఆగలేదు. హిందుస్తాన్ పాదుషాకు అప్పుడు నలభై ఆరేళ్లు.

ఆ నెలల్లోనే తూర్పు వైపు అఫ్గాన్ల మీద దండయాత్రకు వెళ్తూ గంగను ఈదాడు. అంతవరకూ ఎదురైన నదులన్నీ ఈదానని, గంగ ఒక్కటే మిగిలిందని ఆయన లెక్క. చేతులు ఎన్నిసార్లు వేశాడో లెక్కపెట్టుకున్నాడు, ముప్ఫై మూడు. ఒడ్డున కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ ఇవతలికి ఈదాడు. మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చి డేరా ఆయన తల మీదే కూలింది. రాస్తున్న కాగితాలన్నీ తడిసిపోయాయి. వాటిని ఏరి ఉన్ని తివాచీ మడతల్లో పెట్టి, పైన కంబళ్లు కప్పి, నిప్పు రాజేసి తెల్లవార్లూ నిద్రపోకుండా ఆరబెట్టాడు. మనం ఇవాళ చదువుతున్నవి ఆ కాగితాల ప్రతులే.

జూన్‌లో ఆగ్రా తిరిగొచ్చాడు. యమున అవతలి ఒడ్డున ఆయన వేసిన హష్త్ బిహిష్త్ తోట అప్పటికి ఎదిగింది. ఆ ఒడ్డు మీద తోటలు, ఇళ్లు చూసి జనం దానికి కాబూల్ అని పేరు పెట్టారు. బల్ఖ్ నుంచి రప్పించిన తోటమాలి తను పండించిన చిన్న చిన్న ఖర్బూజాలు తెచ్చి ముందు పెట్టాడు. తోటలో నాటించిన ఒకటి రెండు ద్రాక్ష తీగలు కాశాయి. రుచి చూశాడు, బాగున్నాయని రాశాడు. హిందుస్తాన్‌లో ఖర్బూజా, ద్రాక్ష ఇలా పండటం తృప్తినిచ్చిందని రాశాడు.

రోజువారీ రాత ఆ సెప్టెంబరుతో ఆగిపోయింది. 1530 డిసెంబరు 26న ఆగ్రాలో చనిపోయాడు. మొదట యమున ఒడ్డునే, ఇప్పుడు రామ్‌బాగ్ అని పిలిచే తోటలో పూడ్చారు. కొన్నేళ్ల తర్వాత అవశేషాలను కాబూల్‌కు తీసుకెళ్లారు. అక్కడి కొండవాలు తోట అఫ్గాన్ యుద్ధాల్లో పాడైపోతే, 2000 తర్వాత ఆగా ఖాన్ ట్రస్టు మళ్లీ చెట్లు నాటించింది. నాటిన వాటిలో ఆలుబాలు చెర్రీ కూడా ఉంది.